అమ్మను సీనాయి కొండ ఎక్కించొచ్చా? జోర్డాన్, ఇజ్రాయెల్, ఈజిప్టు టూరుకు సలహా కావాలి

ఏలూరు కాలువ:

అందరికీ వందనాలు. మా సంఘం నుంచి ఫిబ్రవరిలో పరిశుద్ధ భూమి యాత్రకు గ్రూపు వెళ్తోంది. నాన్న "అంతసేపు విమానంలో కూర్చోవడం నా వల్ల కాదు" అని తప్పుకున్నారు. కాబట్టి అమ్మ, నేను. అమ్మ రిటైర్డ్ టీచరు, వయసు 69. చదునుగా ఉంటే ఎంత దూరమైనా నడుస్తుంది. మెట్లు ఎలాగోలా ఎక్కుతుంది గానీ దిగేటప్పుడు మోకాళ్లు పట్టేస్తాయి.

ప్లాన్ ఇది. అమ్మాన్‌లో దిగి మదబా, నెబో కొండ. యొర్దాను నది మీది బ్రిడ్జి దాటి ఇజ్రాయెల్లో గలిలయ, నజరేతు, యెరికో, యెరూషలేము, బేత్లెహేము. తర్వాత ఎడారి గుండా ఎయిలత్, తాబా బోర్డర్, సీనాయి, అక్కడి నుంచి కైరో. అన్నీ కలిపి 10 రోజులు.

గొడవంతా సీనాయి దగ్గరే. రాత్రి ఒంటిగంటకు బయల్దేరి కొండ ఎక్కి సూర్యోదయం చూసి దిగాలట. "వద్దమ్మా" అంటే, "మోషే ఎనభై ఏళ్లకు ఎక్కాడు, నేను అరవై తొమ్మిదికి ఎక్కలేనా?" అంటోంది. టీచరుతో వాదన పెట్టుకుంటే ఎవరు గెలుస్తారో మీకు తెలుసు. తమ్ముడేమో ఈజిప్టు భాగమే తీసేయమంటున్నాడు.

వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి. కొండ ఎక్కించొచ్చా? మూడు దేశాలూ అవసరమా? ఇంకెక్కడెక్కడ మెట్లు ఉంటాయి? తిండి, బట్టలు, యుద్ధం గురించి కూడా ఏమైనా ఉంటే చెప్పండి.

గోదారి రైలు:

వందనాలండీ. నేను మా అమ్మానాన్నలతో వెళ్లాను. ఆ తర్వాత మా సంఘంలో ఎవరు బయల్దేరినా ముందు మా ఇంటికొచ్చి టీ తాగి వెళ్తారు, కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. నా సమాధానం సూటిగా చెప్తాను. సీనాయి ఎక్కించకండి. నెబో కొండ మీద ఎక్కువసేపు ఉండండి.

సీనాయి శిఖరం 2,285 మీటర్లు. కింద సన్యాసుల మఠం ఉన్న చోటే 1,500 మీటర్ల ఎత్తు, కాబట్టి అక్కడే చలి మొదలు. ఫిబ్రవరిలో అయితే పైన సున్నా కిందికి కూడా పోతుంది. బెదూయిన్ (అక్కడి ఎడారి తెగ) గైడు లేకుండా పైకి పంపరు. సగం పైన దాకా ఒంటె దారి ఉంది, ఒంటెలూ దొరుకుతాయి. అయితే ఒంటె లేచేటప్పుడు ముందు వెనక కాళ్లు లేపుతుంది, మనం ముందుకు తూలిపోతాం. చీకట్లో, మోకాళ్లనొప్పితో, అది సరదా కాదు. ఒంటె ఆగిపోయాక ఇంకా 750 మెట్లు. మెట్లంటే ఇంటి మెట్లు కావు, ఒక్కో రాయి ఒక్కో ఎత్తు. సరే, పట్టుదల మనిషి, ఎక్కుతారు అనుకుందాం. దిగాలి కదా! మీరే రాశారు, దిగడమే కష్టమని.

మా గ్రూపులో ఎక్కిన కుర్రాళ్లు పైన దుప్పట్లు అద్దెకు తీసుకుని కప్పుకుని కూర్చున్నారు. తెల్లారి కిందికొచ్చి బస్సు ఎక్కగానే నిద్ర. సూయజ్ కాలువ కింద సొరంగంలోంచి వెళ్లినా ఒక్కడికీ మెలకువ రాలేదు. కైరో దాకా పగలంతా ప్రయాణం, ఆ ఎడారిలో ఒక్క రాయి కూడా చూడలేదు వాళ్లు.

అలాగని ఈజిప్టు తీసేయమని మీ తమ్ముడిలా నేను అనను. కొండ కింద సెయింట్ కేథరిన్ మఠం ఉంది. 6వ శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి కట్టించాడు, ఇప్పటికీ సన్యాసులు ఉంటున్నారు. మండుచున్న పొద ఇదే అని వాళ్లు చూపించే ముళ్లపొద గోడ మీంచి కిందికి వేలాడుతూ ఉంటుంది. అదే ఆవరణలో చిన్న మసీదు కూడా ఉంది, చాలామంది గమనించరు. చుట్టుపక్కల ఉండే జబాలియా బెదూయిన్లు, మఠానికి కాపలాగా జస్టీనియన్ పంపినవాళ్ల సంతతి మేమే అని చెప్పుకుంటారు. ఇక్కడో మెలిక. మఠం శుక్రవారం, ఆదివారం తెరవరు. మిగతా రోజుల్లో కూడా పొద్దున కొద్ది గంటలే. మీ గ్రూపు అక్కడికి ఏ రోజు చేరుతుందో ఇప్పుడే లెక్క చూసుకోండి. మా నిర్వాహకుడు ఈ లెక్క చూడలేదు. మేం శుక్రవారం చేరి, మూసిన తలుపు ముందు ఫొటో దిగి వచ్చాం. లోపలిది చూడ్డానికి నేను మళ్లీ విడిగా వెళ్లాల్సి వచ్చింది.

ఇక నెబో. అమ్మగారికి మోషే అంటే అంత ఇష్టం కాబట్టి అడుగుతున్నాను, మోషే ఆఖరి కొండ ఏది? నెబోనే కదా. నూట ఇరవై ఏళ్లకు ఆ కొండెక్కి, కనాను దేశం కళ్లారా చూసి, దాటకుండానే కన్నుమూశాడు. అక్కడికి బస్సు దాదాపు పైదాకా వెళ్తుంది. కాస్త నడక, అదీ చదును. చివర్న రెయిలింగు దగ్గర నిలబడితే కింద యొర్దాను లోయ, ఎడమకు ఉప్పు సముద్రం (డెడ్ సీ), ఎదురుగా యెరికో. గాలి తేటగా ఉంటే యెరూషలేము కొండలు కూడా కనిపిస్తాయి. వాన పడిన మర్నాడు పొద్దున బాగా కనిపిస్తుంది, మధ్యాహ్నానికి మసక కమ్మేస్తుంది. గ్రూపులు ఇక్కడ ఫొటో దిగి అరగంటలో బస్సెక్కేస్తాయి. మీరు పాస్టరుగారితో ముందే మాట్లాడి ఇక్కడ వాక్యం, ప్రార్థన పెట్టించండి. ద్వితీయోపదేశకాండం 34వ అధ్యాయం చదవడానికి భూమ్మీద ఇంతకంటే తగిన చోటు లేదు. గుడి లోపల నేల మీద 6వ శతాబ్దపు మొజాయిక్, అంటే రంగురాళ్లు పేర్చిన బొమ్మలు కూడా చూడండి. వేటగాళ్లు, సింహం, ఒకడైతే నిప్పుకోడిని తాడుతో పట్టుకుని నడిపిస్తుంటాడు.

మదబాలో సెయింట్ జార్జి చర్చి నేల మీదున్న పటం కూడా ఆ శతాబ్దంలోదే. రంగురాళ్లతో యెరూషలేము, యొర్దాను, ఉప్పు సముద్రం అన్నీ పేర్చారు. గైడు యెరూషలేము చూపించి ముగిస్తాడు, మీరు మాత్రం యొర్దాను నదిని చూడండి. అందులో ఒక చేప ఉప్పు సముద్రం దాకా వచ్చి, రుచి చూసినట్టుగా వెనక్కి తిరిగి ఎగువకు ఈదుతుంటుంది. పద్నాలుగు వందల ఏళ్ల కిందటి పనివాడి చమత్కారం. మా అమ్మ ఇప్పటికీ దాని గురించి చెప్పి నవ్వుతుంది.

ఏలూరు కాలువ:

అన్నగారూ, అమ్మకు చదివి వినిపించాను. నూట ఇరవై ఏళ్లు అనగానే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే, నెబో దగ్గర తొందర పెట్టకూడదు" అని షరతు పెట్టింది. సగం గెలిచినట్టే. మఠానికి మేం చేరేది మంగళవారం, చూసుకున్నాను. యెరూషలేములో మెట్ల సంగతి ఎవరైనా చెప్తారా?

అమలాపురం అమ్మాయి:

నేను ఇక్కడే ఇజ్రాయెల్లో ఒక ముసలావిడను చూసుకునే పనిలో ఉన్నాను. మన గోదావరి జిల్లాలవాళ్లు, తెలంగాణవాళ్లు ఈ పనిలో చాలామందే ఉన్నాం. ఊరి నుంచి గ్రూపు వస్తుందంటే సెలవు పెట్టుకుని వెళ్లి కలుస్తుంటాం, పచ్చడి సీసాల కోసం కూడా అనుకోండి.

మెట్ల సంగతి. ఒలీవల కొండ మీంచి గెత్సేమనే తోటకు గ్రూపులను నడిపించి దింపుతారు. ఆ రోడ్డు నిటారుగా దిగుడు, వానపడితే జారుడు. మీ అమ్మగారికి అదే ప్రమాదం. పైన పరలోక ప్రార్థన చర్చి చూపించండి. గోడల నిండా రకరకాల భాషల్లో ఆ ప్రార్థన పలకలు ఉంటాయి, మన తెలుగుది కూడా ఉంది, వెతికి పట్టుకోండి. ఆ తర్వాత అమ్మగారిని మళ్లీ బస్సెక్కించి కింద గెత్సేమనే దగ్గర దింపమని డ్రైవరుకు చెప్పండి. బస్సు ఎలాగూ ఖాళీగా కిందికి వెళ్లాల్సిందే, ఒప్పుకుంటారు.

యేసు సమాధి చర్చిలో గుమ్మం దాటగానే కుడిపక్క గొల్గొతాకు, అంటే సిలువ వేసిన చోటికి మెట్లుంటాయి. కొన్నే గానీ ఎత్తుగా, ఇరుగ్గా ఉంటాయి, వెనక జనం తోస్తుంటారు. పొద్దున్నే తలుపులు తీసేవేళకు వెళ్తే నిదానంగా ఎక్కి దిగొచ్చు. పది దాటితే సమాధి దగ్గర లైనులోనే కాళ్లు పీకుతాయి. బేత్లెహేము చర్చి గుమ్మం నాలుగడుగుల ఎత్తే, పొడుగు మనిషి మీరైతే తల జాగ్రత్త. కింద గుహలోకి కొన్ని మెట్లు, అక్కడ యేసు పుట్టిన చోటని గుర్తుగా వెండి నక్షత్రం. వీధుల్లో రాళ్లు వందల ఏళ్ల నడకకు నున్నబడిపోయాయి. కొత్త బూట్లు వద్దు, అడుగు అరగని పాత బూట్లు మంచివి.

బాప్తిస్మం ఎక్కడిస్తున్నారో అడగండి. చాలా గ్రూపులను గలిలయ దగ్గర యార్దెనిత్‌కు తీసుకెళ్తారు. పచ్చని చెట్లు, రెయిలింగులు, తెల్లబట్టలు అద్దెకు. బాగుంటుంది, కాదనను. కానీ పాతకాలం నుంచి యేసు బాప్తిస్మం తీసుకున్న చోటుగా చెప్పుకునేది యెరికో దగ్గర, ఎడారిలో. ఇజ్రాయెల్ అధీనంలో ఉన్న ఇవతలి గట్టు కస్ర్ అల్ యహూద్, అవతలి గట్టు జోర్డాన్‌ది, అల్ మగ్తాస్. నది అక్కడ మన పంటకాలువంత కూడా ఉండదు, నీళ్లు మట్టిరంగు. చూసి "ఇదేనా యొర్దాను?" అని అందరూ అంటారు. నాకు మాత్రం ఆ చోటే ఇష్టం.

తిండికి ఇబ్బంది లేదు గానీ ఒక్కటి. యూదుల హోటళ్లలో మాంసం ఉన్న భోజనంలో పాలు, పెరుగు పెట్టరు. రాత్రి చికెన్ తిని పెరుగు అడిగితే దొరకదు, టీలో పాలు కూడా ఉండవు. పొద్దున టిఫినుకు మాత్రం పెరుగులు, జున్నులు బల్ల నిండా. బేత్లెహేములో అరబ్బుల హోటళ్లయితే ఈ పట్టింపు లేదు. శుక్రవారం పొద్దు గూకిన దగ్గర్నుంచి శనివారం చీకటి పడేదాకా షబ్బాత్, యూదుల విశ్రాంతి దినం. బస్సులు ఆగిపోతాయి, కొన్ని లిఫ్టులు ప్రతి అంతస్తులో వాటంతటవే ఆగుతూ వెళ్తాయి. పాడైందని కంగారుపడకండి.

యుద్ధం గురించి. 2023 అక్టోబరు తర్వాత మా దగ్గర సైరన్లు మోగని నెలలు తక్కువ. ఇప్పుడెలా ఉందో, ఫిబ్రవరికి ఎలా ఉంటుందో నేను హామీ ఇవ్వలేను. టికెట్లకు డబ్బు కట్టేముందు, బయల్దేరేముందు, రెండుసార్లూ మన ఎంబసీ సూచనలు చూడండి. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్సుల్లో యుద్ధం వల్ల వచ్చే నష్టం చాలావరకు ఉండదు, పాలసీ కాగితం చదవండి. టూరు ఆగిపోతే ఎంత వెనక్కిస్తారో నిర్వాహకుల దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. "దేవుడున్నాడు, ఏం కాదు" అనే మాట రసీదు కాదు. హోటల్లో దిగగానే షెల్టరు ఎటుందో చూసుకోండి, మీ అమ్మగారికి కింది అంతస్తులో గది అడగండి.

చార్మినార్ చాయ్:

సలాం. మేం హైదరాబాద్ నుంచి ఫ్యామిలీతో అమ్మాన్ మీదుగా బైతుల్ ముఖద్దస్ (మీరనే యెరూషలేము) జియారత్‌కు, అంటే యాత్రకు వెళ్లాం. మోషే గారి గురించి మాట్లాడుతున్నారు కాబట్టి రాస్తున్నా, మాకు ఆయన హజ్రత్ మూసా.

నెబో మీంచి అమ్మగారు చూసే అవతలి గట్టులోనే, యెరికో నుంచి యెరూషలేముకు ఎక్కే దారి పక్కన ఎడారిలో నబీ మూసా దర్గా ఉంది. ఆయన సమాధి అక్కడే అని మావాళ్ల నమ్మకం. 1269లో సుల్తాన్ బైబర్స్ కట్టించాడు. చుట్టూ చెట్టూ పుట్టా లేని గోధుమరంగు గుట్టలు, మధ్యలో తెల్లని గుమ్మటాల వరస. మీ బైబిల్లో ఆయన సమాధి ఎవరికీ తెలియదని ఉంటుంది కదా. అయినా దారిలోదే, పది నిమిషాలు ఆపమనండి. ఆ రోడ్డు మీదే సముద్రమట్టం అని రాసిన బోర్డు, పక్కన ఒంటెవాడు ఉంటాడు. యెరికో సముద్రమట్టానికి 250 మీటర్లు కింద, యెరూషలేము 750 మీటర్లకు పైన. బస్సులో చెవులు మూసుకుపోతాయి, అమ్మగారికి చప్పరించడానికి ఏదైనా ఇవ్వండి.

యెరూషలేము పాతబస్తీలో హెరోదు గేటు దగ్గర హిందుస్థానీ జావియా (సూఫీల బస) ఉంది. ఎనిమిది వందల ఏళ్ల కిందట మన సూఫీ గురువు బాబా ఫరీద్ అక్కడ ధ్యానం చేశారని చెప్తారు. రెండో ప్రపంచయుద్ధంలో మన సిపాయిలు బస చేసింది కూడా అక్కడే. తలుపు తట్టి, ఇండియా అని చెప్పాం, లోపలికి పిలిచారు.

ఇంకోటి, అల్ అఖ్సా మసీదు ఆవరణ చూడాలనుకుంటే ముస్లిమేతరులకు మగ్రబీ గేటు ఒక్కటే దారి. శుక్ర, శనివారాలు ప్రవేశం లేదు, మిగతా రోజుల్లో కూడా పరిమిత సమయమే. బైబిలు లోపలికి తీసుకెళ్లనివ్వరు, బ్యాగులో ఉంటే ముందే హోటల్లో పెట్టి రండి.

ఏలూరు కాలువ:

అందరికీ చాలా థాంక్స్. మంగళవారం రాత్రి గ్రూపులో ఎక్కేవాళ్లు ఎక్కుతారు, మేమిద్దరం కింద పడుకుని పొద్దున మఠానికి వెళ్తాం అని పాస్టరుగారితో మాట్లాడాను, ఆయనే "నేనూ మీతో ఉంటా" అన్నారు. ఆయన మోకాళ్లు కూడా అంతంతమాత్రమేనట, ఇన్నాళ్లూ బయటికి చెప్పలేదు. ఒక చివరి సందేహం. బ్రిడ్జి బోర్డర్ దగ్గర ఎంతసేపు పడుతుంది? అమ్మకు షుగర్ మాత్రలున్నాయి.

గోదారి రైలు:

గంటలో అయిపోవచ్చు, మూడు నాలుగు గంటలూ పట్టొచ్చు, మన చేతుల్లో లేదు. పెద్ద సూట్‌కేసు విడిగా స్కానింగుకు పోతుంది, కాబట్టి మాత్రలు, డాక్టరు చీటీ, బిస్కెట్లు, నీళ్లు చేతిసంచిలో ఉంచండి. శుక్ర, శనివారాల్లో బోర్డర్ తొందరగా మూసేస్తారు, ఆ రోజైతే పొద్దున్నే చేరాలి. ఇజ్రాయెల్‌వాళ్లు పాస్‌పోర్టులో ముద్ర వేయకుండా చిన్న నీలంరంగు చీటీ ఇస్తారు. దేశం దాటేదాకా అది పోగొట్టుకోవద్దు, అమ్మగారిది కూడా మీ దగ్గరే పెట్టుకోండి. గ్రూపు వీసా అయితే గుంపుగా వెళ్లి గుంపుగానే బయటికి రావాలి. లైనులో ఎవరైనా వెనకబడితే బస్సు కదలదు, అది తెలుసుకుని ఎవరూ బాత్రూముల వైపు మాయమైపోకుండా చూసుకోండి.