అప్‌డేట్: తమ్ముడు ఇంటికి వచ్చేశాడు
అందరికీ నమస్కారం. మా తమ్ముడు థాయ్‌లాండ్‌లో వీసా లేకుండా ఉంటూ, ఉండనిచ్చే 60 రోజులు కావస్తుంటే పక్కనున్న లావోస్ వెళ్లి పాస్‌పోర్ట్‌లో మళ్లీ ముద్ర వేయించుకుని వస్తున్నాడు, ఇలా ఎన్నాళ్లు నడుస్తుందని అడిగాను కదా. నడవలేదు.

మూడోసారి తిరిగొస్తుంటే, థాయ్‌లాండ్-లావోస్ సరిహద్దులోని నాంగ్‌ఖాయ్ వంతెన దగ్గర ఆపేశారు. ఆఫీసర్ పాస్‌పోర్ట్ పేజీలు ఒక్కొక్కటే తిప్పి, పాత ముద్రల మీద వేలు పెట్టి చూపించాడట. వీసా లేకుండా రోడ్డు దారిలో ఏడాదికి రెండుసార్లే రానిస్తారు. మీలో ఒకరు ఇదే చెప్పారు, నేనే వాడికి గట్టిగా చెప్పలేకపోయాను. ఆ రాత్రి లావోస్ రాజధాని వియంటియాన్‌లో గది తీసుకుని వాడు ఫోన్ చేస్తే, అమ్మ అన్నం ముట్టలేదు. మాది ఒడిశాలో ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడి. చిన్న పనికి కూడా రాష్ట్రం దాటి పాతపట్నం వెళ్లొస్తాం. సరిహద్దు అంటే భయం తెలియదు మాకు. అక్కడి లెక్క వేరు.

గడువు దాటి ఉండలేదు కాబట్టి జరిమానా పడలేదు, లేదంటే రోజుకు 500 బాత్‌లు. ఇప్పుడు ఆన్‌లైన్ పని చేసుకునేవాళ్ల కోసం 2024లో తెచ్చిన డీటీవీ వీసాకు కాగితాలు సిద్ధం చేస్తున్నాడు. ఐదేళ్లు చెల్లుతుంది, వెళ్లిన ప్రతిసారీ 180 రోజులు ఉండొచ్చు. ఖాతాలో 5 లక్షల బాత్‌లు చూపించాలి, అదే టెన్షన్. సగం కూడింది. మిగతాది కూడే వరకు ఇక్కడి నుంచే పని చేస్తానంటున్నాడు.