వంతెన కింద ఉన్నవారు ఏ ఊరి వారు?

మా రెండు పట్టణాల మధ్య వంతెన కింద పన్నెండు మంది తలదాచుకుంటున్నారు. ఇవతల ఒక పురపాలక సంఘం, అవతల మరొకటి. ఇక్కడ అడిగితే అక్కడికి వెళ్లమంటారు, అక్కడ అడిగితే ఇక్కడికి. వాన మాత్రం ఇద్దరినీ అడగకుండానే వస్తోంది.

2013లో మొదలై 2024లో ముగిసిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ (పట్టణ పేదల కోసం కేంద్రం పెట్టిన పథకం) మార్గదర్శకాల్లో, ఇల్లు లేనివారి కోసం లక్ష జనాభాకు కనీసం వంద మందికి సరిపడే శాశ్వత ఆశ్రయం, మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు అని ఉండేది. మా ఊళ్లలో దేనికీ విడిగా లక్ష జనాభా లేదు, కలిపితే దాటుతుంది.

ఇలా రెండు సంఘాలు ఖర్చు పంచుకుని ఒకే ఆశ్రయం నడుపుతున్న చోటు మీకు తెలుసా? రెండు కౌన్సిళ్లూ తీర్మానం చేయాలా, కలెక్టరు ఉత్తర్వు సరిపోతుందా? వంట, కాపలా ఖర్చు ఎవరు భరిస్తారు? అర్జీ నమూనా ఉంటే దయచేసి పంపండి. వారిలో ఒక పెద్దామెకు చూపు సరిగా ఆనదు, ఆమెను ఇంకెన్ని కార్యాలయాలకు నడిపించను?