కార్తీకంలో రెండు రోజులు: హార్సిలీ హిల్స్‌లో ఎక్కడ దిగాలి?

మాది తిరుపతి. కార్తీక మాసంలో అమ్మానాన్న, మూడేళ్ల పాపతో రెండు రాత్రులు పచ్చటి చోట గడపాలని ఉంది. తలకోన దగ్గరే గానీ, అమ్మకు మోకాళ్ల నొప్పులు. జలపాతం దాకా నడవడం కష్టం. అందుకే 4,000 అడుగులకు పైనున్న హార్సిలీ హిల్స్ మీదికే మనసు పోతోంది. కొండపైన టూరిజం వాళ్ల హరిత కాటేజీలు మేలా, కింద మదనపల్లె వైపు తోటల్లో ఇళ్లేమైనా అద్దెకిస్తారా?

పోయినేడు వేరే ఊళ్లో ఒక లాడ్జి ఫోటోలు చూసి బుక్ చేశాం. తీరా వెళ్తే దుప్పట్లు చెమ్మ వాసన, గీజర్ పనిచేయలేదు. రాత్రంతా పాపను నా శాలువాలో చుట్టుకుని కూర్చున్నా. మళ్లీ ఆ టెన్షన్ పడలేను. వేడినీళ్లు, పొడి దుప్పట్లు, మెట్లెక్కక్కర్లేని గది, రాత్రికి వేడివేడిగా రాగిసంగటి ఉంటే చాలు.

తుఫాను వానల్లో ఘాట్ రోడ్డు ఎలా ఉంటుంది? ఈమధ్య వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.