మొదటి రాత్రి ఎక్కడ ఆగితే మంచిది? (హనుమకొండ – ఏటూరునాగారం దారి)

ఓరుగల్లు_బాటసారి:
శుక్రవారం ఆఫీసు అయ్యాక నలుగురు మిత్రులం కారులో హనుమకొండ నుంచి బయలుదేరుతున్నాం. ములుగు, పస్రా, తాడ్వాయి మీదుగా రాత్రికే ఏటూరునాగారం చేరి, తెల్లవారాక బొగత జలపాతం చూడాలని ఆలోచన. ఈ దారిలో మీ మొదటి రాత్రి ఎలా గడిచింది?

కాజీపేట_చుక్‌చుక్:
ఆరింటికి అనుకుంటే తొమ్మిదికి కదులుతారు. మాలో ఒకడు ఛార్జరు మరిచిపోయాడు. ఇంకొకడి అమ్మగారు సర్వపిండి కాలేదాకా కదలనివ్వలేదు (రాత్రి మాకు దిక్కయింది అదే, ఆమెను ఏమీ అనను). పస్రా దాటి అడవిలోకి వెళ్లాక టైరు పంక్చరు. స్టెప్నీ దించితే అది మెత్తగా ఉంది! "పోయిన నెలే చూశాను" అంటాడు కారు యజమాని. పదేళ్ల స్నేహంలో వాడిని అంత కోపంగా చూడటం అదే మొదలు. ఫోనులో సిగ్నల్ లేదు. చాలాసేపటికి ఒక లారీ ఆగింది. డ్రైవరు తన బండి గాలి ట్యాంకుకు పైపు తగిలించి మా స్టెప్నీ నింపాడు. డబ్బిస్తే తీసుకోలేదు, రెండు సర్వపిండి ముక్కలు మాత్రం తీసుకున్నాడు. ఏటూరునాగారం చేరేసరికి ఒంటిగంట దాటింది. లాడ్జి తలుపు తీసేవాళ్లు లేక కారులోనే పడుకున్నాం.

చెరువుగట్టు:
అంత దూరం ఎందుకండీ? చల్వాయి దగ్గర కుడికి తిరిగితే లక్నవరం చెరువు. వేలాడే వంతెన దాటి దీవిలోని కాటేజీలో పడుకుంటే రాత్రంతా నీళ్ల చప్పుడే. శుక్ర, శనివారాలకు ముందే బుక్ చేసుకోండి. మేము చేసుకోలేదు. వెనక్కి ములుగు వచ్చి, రెండు మంచాల గదిలో ఐదుగురం, అందులో ఇద్దరు గురక వీరులు.

పాలంపేట_పిచ్చి:
నా ఓటు రామప్పకు. రాత్రి దగ్గరలో ఉండి, పొద్దున్నే జనం లేనప్పుడు గుడి చూడండి. లేత ఎండ పడితే నల్లరాతి మదనికలు (స్త్రీమూర్తుల శిల్పాలు) నిగనిగలాడతాయి. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఇసుక నింపిన పునాది మీద 800 ఏళ్లుగా నిలబడిందని నేను చెబుతుంటే, మావాడు "మన ప్రయాణం ప్లాను కన్నా గట్టిది" అన్నాడు.

కాజీపేట_చుక్‌చుక్:
మీవాడు మాతో వచ్చి ఉంటే ఆ మాట ఇంకా గట్టిగా అనేవాడు.

తాడ్వాయి_అల్లుడు:
అడవిలో గుడారం వేద్దామన్న ఉబలాటం ఎవరికైనా ఉంటే మానేయండి. అది అభయారణ్యం. పైగా 2024 ఆగస్టు 31న వచ్చిన గాలివానకు ఇక్కడ వేల చెట్లు నేలకూలాయి. తర్వాత అత్తగారింటికి వెళ్తూ చూశాను, పెద్ద పెద్ద చెట్లు వేళ్లతో సహా పడున్నాయి. ఆ రాత్రి వాటి కింద ఎవరైనా పడుకుని ఉంటే? పెట్రోలు ములుగులోనే పోయించుకోండి. కొంచెం నగదూ ఉంచుకోండి.

ఓరుగల్లు_బాటసారి:
అందరికీ కృతజ్ఞతలు. రామప్ప దగ్గరే ఆగుతాం, బొగతకు శనివారం పగలు వెళ్తాం. ఇప్పుడే కిందికి దిగి స్టెప్నీ నొక్కి చూశాను. మెత్తగానే ఉంది.