కడ బంతి అంటే చివరి వరుసా, వరుస చివరా?

కాల్గరీ కోడలు:
మూడు రోజులుగా ఒక సామెత సగమే గుర్తొచ్చి నిద్రపోనివ్వడం లేదు. "వడ్డించేవాడు మనవాడైతే ... బంతిలో కూర్చున్నా ఒకటే." ఆ చుక్కల చోట ఏముంది? నాన్న నోట "కడ" అని విన్నట్టు గుర్తు. ఆయన్నే అడిగితే "ఏమో, ఏదో అని ఉంటాను" అంటున్నారు.

సందర్భం ఏమిటంటే, 2025 ఏప్రిల్‌లో మా ఊరి ఐస్ హాకీ జట్టు ఫ్లేమ్స్ ప్లేఆఫ్స్ (కప్పు కోసం ఆడే ఆఖరి పోటీలు) గడప దాకా వెళ్ళి ఆగిపోయింది. మాకూ సెయింట్ లూయిస్ బ్లూస్‌కీ సరిగ్గా 96 పాయింట్లే. ఆఖరి వైల్డ్‌కార్డ్ చోటు, అంటే నేరుగా లోపలికి రాలేనివాళ్ళకి మిగిలిన చోట్లలో చివరిది, వాళ్ళకి దక్కింది. ఆ రాత్రి నాన్నకి ఫోన్లో మొర పెట్టుకుంటే ఆయన ఈ సామెత అన్నారు. ఇప్పుడు ఇక్కడి తెలుగువాళ్ళ ఉగాది సంచికకి ఆ సీజన్ గురించి రాస్తున్నాను. వైల్డ్‌కార్డ్‌కి "కడ బంతి" అని పెడితే ఎలా ఉంటుంది? ఆదివారం లోపు పంపాలి.

తెనాలి మాస్టారు:
"కడ బంతి" సరైనదే అమ్మాయీ. "కడపటి బంతి" అని కూడా మా మేనత్త అనేది. కానీ నీ వైల్డ్‌కార్డ్‌కి అది నప్పదు. కడ బంతి అంటే ఆఖరి విడత భోజనం. తొలి బంతిలో మగపెళ్ళివారు, మలి బంతిలో ఊరివాళ్ళు, కడ బంతిలో పొద్దుటినుంచి వడ్డించి నడుం విరిగిన ఇంటివాళ్ళు. అప్పటికి గారెలు అయిపోయి ఉంటాయి, పులిహోర అడుగంటి ఉంటుంది. వడ్డించేవాడు మనవాడైతే నాలుగు గారెలు దాచి ఉంచుతాడు. సామెత ప్రాణం ఆ దాచడంలో ఉంది.

నిఘంటువు పురుగు:
మాస్టారూ, క్షమించాలి. బంతికి మొదటి అర్థం వరుస. పంక్తి ప్రాకృతంలో పంతి అయింది, మన దగ్గరికొచ్చి బంతి అయింది. విడత అనే అర్థం తర్వాత అంటుకున్నది. "కడ బంతిని" అంటే వరుస చివరన అని. నెయ్యి గిన్నె ఆ చివరికి చేరేసరికి గరిటె గీకిన చప్పుడే మిగులుతుంది. దాచడం గీచడం ఏమీ లేదు, మనవాడైతే అటు చివరినుంచి మొదలుపెడతాడు, అంతే.

సియాటిల్ చలిమంట:
పురుగు గారి మాటే నిజమైతే కోడలి గారి వాడుక అతికినట్టు సరిపోతుంది. హాకీలో 32 జట్లు, రెండు కాన్ఫరెన్సులు, ఒక్కోదానిలో రెండు డివిజన్లు. డివిజన్‌కి మొదటి ముగ్గురు నేరుగా లోపలికి, అంటే 12 మంది. మిగిలినవాళ్ళలో డివిజన్ చూడకుండా కాన్ఫరెన్సుకి ఇద్దరు, వీళ్ళే వైల్డ్‌కార్డ్ వాళ్ళు. మొత్తం 16 మందికీ ఒకేసారి విస్తరి వేస్తారు. ఎవరికీ విడిగా విడత లేదు. ఇద్దరిలో వెనకబడ్డవాళ్ళకి కాన్ఫరెన్సులో అందరికన్నా మొనగాడైన డివిజన్ విజేత ఎదురొస్తాడు, రెండోవాళ్ళకి మరో డివిజన్ విజేత. వరుస చివర కూర్చున్నందుకు శిక్ష అదే.

మాస్టారు చెప్పిన విడత కావాలంటే బేస్‌బాల్‌కి వెళ్ళాలి. అక్కడ 2022 నుంచి ప్రతి లీగ్‌లో మొదటి ఇద్దరు డివిజన్ విజేతలు కాలు మీద కాలేసుకుని కూర్చుంటారు, వైల్డ్‌కార్డ్ వాళ్ళు ముందు మూడు మ్యాచ్‌ల పోటీ ఆడాలి.

తెనాలి మాస్టారు:
ఆ లెక్కన బేస్‌బాల్‌లో వైల్డ్‌కార్డ్ వాడిదే తొలి బంతి అవుతుంది, కడ బంతి కాదు. ముందు తినేవాడు వాడే కదా! పోలిక తెచ్చేముందు తిప్పి చూసుకోవాలి.

సియాటిల్ చలిమంట:
అది నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నాను.

పల్నాటి రైతుబిడ్డ:
మీరంతా పెళ్ళిపందిరి వదలడం లేదు. బంతి కళ్ళంలో కూడా ఉంది. నూర్పుడికి పశువుల్ని పక్కపక్కన వరుసగా కట్టి తిప్పేదాన్ని బంతి కట్టడం అనేవాళ్ళం. నడిమి గుంజ దగ్గరున్న ఎద్దు ఉన్నచోటే తిరుగుతుంది. కడన కట్టిన ఎద్దు అంతే సమయంలో పెద్ద చుట్టు నడవాలి. మా తాత అక్కడ ముసలి ఎద్దుని కట్టేవాడు కాదు, కోడెగిత్తనే కట్టేవాడు. వైల్డ్‌కార్డ్ జట్టు పరిస్థితి అదే కదా, అదే గడ్డి, ఎక్కువ నడక. కడ బంతి అని రాసెయ్యండమ్మా.

కాల్గరీ కోడలు:
ఇది భలే ఉంది అన్నయ్యా! కోడెగిత్త అంటే గుర్తొచ్చింది, 2019లో నాలుగు వైల్డ్‌కార్డ్ జట్లూ నాలుగు డివిజన్ విజేతల్నీ మొదటి రౌండ్లోనే ఇంటికి పంపాయి. వాటిలో కొలంబస్ అయితే 128 పాయింట్లతో ఊగిపోతున్న టాంపా బేని 4-0తో ఊడ్చేసింది. ఆ ఏడాది డివిజన్ విజేతల్లో మా ఫ్లేమ్స్ కూడా ఉన్నారు లెండి, కొలరాడో చేతిలో పోయారు. ఆ బాధ వేరే.

గద్వాల గడుగ్గాయి:
అసలు అక్షరం దగ్గరే తేడా కొడుతోంది, ఎవరూ చూడడం లేదు. మా నాయనమ్మ "ఏ కడ బంతిల కూసున్నా" అనేది. కడ అంటే చివర కాదు, చోటు, దిక్కు. ఇక్కడ, అక్కడ, ఎక్కడ ఎలా పుట్టాయి? ఈ కడ, ఆ కడ, ఏ కడ. సామెత "ఏ పక్క కూర్చున్నా ఒకటే" అంటోంది. ఆ "ఏ" జారిపోయాక మిగిలిన "కడ"కి మీరు చివర అనే అర్థం అంటగట్టారు.

నిఘంటువు పురుగు:
తమ్ముడూ, కడగొట్టు బిడ్డ అంటే ఏ దిక్కు బిడ్డ? కడసారి అంటే ఏ చోటు సారి? కడకి చివర అనే అర్థం ఎవరూ అంటగట్టలేదు, మొదటినుంచీ ఉంది.

గద్వాల గడుగ్గాయి:
రెండూ ఉన్నాయనే నేనూ అంటున్నాను. ఈ సామెతలో ఏది అన్నదే ప్రశ్న. "కూర్చున్నా ఒకటే" అనాలంటే ముందు "ఏ" ఉండాలి. "చివర కూర్చున్నా ఒకటే" అంటే దేనితో ఒకటి?

తెనాలి మాస్టారు:
"ఒకటే" కూడా అసలు పాఠంలో లేదేమో. "ఫర్వాలేదు" అని విన్నాను నేను. కానీ ఫర్వా పారసీ నుంచి వచ్చిన మాట, అంతకుముందు ఏమనేవారో!

చెన్నై తెలుగు:
ఇక్కడ తమిళంలో ఆట బంతి పందు, భోజనాల బంతి పంది. ఉకారం ఒకటి, ఇకారం ఒకటి, గొడవ లేదు. మన దగ్గర రెండూ ఇకారంలో కలిసిపోయి ఒక్కటైనట్టు కనిపిస్తున్నాయి. వీళ్ళ సామెత కూడా వినండి: "పందిక్కు ముందు, పడైక్కు పిందు." విందు వరుసకి ముందుండు, యుద్ధానికి వెనకుండు అని. వైల్డ్‌కార్డ్ వాళ్ళు విందుకి వెనక, యుద్ధానికి ముందు.

సియాటిల్ చలిమంట:
కోడలి గారూ, ఒక చిక్కుంది. హాకీ వ్యాసంలో బంతి అని రాస్తే మనవాళ్ళు ధ్యాన్‌చంద్ బంతి అనుకుంటారు. మంచు మీద ఆడేదానిలో బంతే లేదు. అది మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న గట్టి రబ్బరు బిళ్ళ. కర్రా బిళ్ళా ఆడినవాళ్ళం కాబట్టి మనకది బిళ్ళే.

పల్నాటి రైతుబిడ్డ:
కర్రా బిళ్ళా! ఇంకేం, మొత్తం ఆటకే పేరు దొరికింది.

తెనాలి మాస్టారు:
భోజనాల వరుస అంటే నాకు పోతన గుర్తొస్తాడు. గోపబాలకులు చల్దులు తినే ఘట్టం. అక్కడ వరుసే లేదు. తామరదుద్దు చుట్టూ రేకులున్నట్టు కృష్ణుడి చుట్టూ అందరూ. వేళ్ళ సందుల్లో ఊరగాయలు ఇరికించుకుని, పక్కవాడి ముద్ద లాక్కుని ఆ అల్లరి! గుండ్రంగా కూర్చున్నచోట కడ ఎక్కడిది? వడ్డించేవాడూ వాళ్ళలో ఒకడే. నా ఎనిమిదో తరగతిలో మా తెలుగు మాస్టారు ఇది చెబుతుంటే మధ్యాహ్నం గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

పల్నాటి రైతుబిడ్డ:
తిండి మాట వస్తే శ్రీనాథుడే మాస్టారూ. మా పల్నాడు జొన్నకూటిని తిట్టినవాడే అయినా, తిట్టడంలో కూడా ఆ దర్జా ఎవరికుంది? కార్చిచ్చు మింగిన కృష్ణుణ్ణి పిలిచి, దమ్ముంటే ఈ ముద్ద మింగి చూపించు అన్నాడు.

తెనాలి మాస్టారు:
అది చాటువు నాయనా. చాటువుల్లో ఏది ఆయనదో, ఏది ఆయన పేరున చెలామణీ అయిందో ముందు తేల్చుకోవాలి.

పల్నాటి రైతుబిడ్డ:
మమ్మల్ని తిట్టిన పద్యం కాబట్టి మాదే. ఎవరిదైనా మేమే దాచుకున్నాం.

నిఘంటువు పురుగు:
అసలు విషయానికి రండి. సామెతలో సగం హాకీకి అతికింది, రెండో సగం మాటేమిటి? వడ్డించేవాడు మనవాడు కావడం హాకీలో ఉందా? వైల్డ్‌కార్డ్ అంటే నిర్వాహకులు దయతలచి ఇచ్చేది కాదా?

సియాటిల్ చలిమంట:
అది టెన్నిస్. 2001లో ఇవానిసెవిచ్ ర్యాంకు 125, నేరుగా చోటు రాదు. వింబుల్డన్ వాళ్ళు పిలిచి వైల్డ్‌కార్డ్ ఇచ్చారు, వచ్చి కప్పే ఎత్తుకెళ్ళాడు. అది వడ్డించేవాడి దయ. హాకీలో 2013-14 సీజన్ నుంచి ఉన్న ఈ పద్ధతిలో దయకి తావు లేదు, పాయింట్లే. ఇంకో తమాషా, ఒక డివిజన్ జట్టు పోయి పక్క డివిజన్ వరుసలో కూర్చోవచ్చు. 2023లో మా సియాటిల్ జట్టు క్రాకెన్ పసిఫిక్ డివిజన్ వాళ్ళు, పుట్టి రెండేళ్ళు. సెంట్రల్ డివిజన్ వాళ్ళ వైపు పడి, అంతకుముందు ఏడాది కప్పు గెలిచిన కొలరాడోని ఏడు మ్యాచ్‌ల్లో ఓడించారు. పక్కింటి బంతిలో భోంచేసి వచ్చినట్టు. గద్వాల తమ్ముడి "ఏ కడ" ఇక్కడ బాగా పనికొస్తుంది.

గద్వాల గడుగ్గాయి:
చూశారా!

నిఘంటువు పురుగు:
పనికిరావడం వేరు, వ్యుత్పత్తి వేరు.

చెన్నై తెలుగు:
సరే, 96కి 96 అయితే సెయింట్ లూయిస్‌ని ఎలా కూర్చోబెట్టారు? చీటీ తీశారా?

కాల్గరీ కోడలు:
అక్కడే నా కడుపుమంట. గెలిస్తే రెండు పాయింట్లు. అరవై నిమిషాల్లో ఓడితే సున్నా. సమానమై అదనపు ఆటలోనో షూటౌట్‌లోనో ఓడితే ఒకటి. 82 మ్యాచ్‌ల్లో మావాళ్ళు గెలిచింది 41, ఇలా ఆలస్యంగా ఓడింది 14. గెలుపులకి 82, దానికి 14 కలిపితే 96. వాళ్ళు గెలిచింది 44, ఆలస్యపు ఓటములు 8. 88కి 8 కలిపితే 96. సమానమైనప్పుడు మొదట చూసేది అరవై నిమిషాల్లోపు గెలుపులు. అవి వాళ్ళకే ఎక్కువ. 2024లో డెట్రాయిట్‌కీ ఇదే గతి, వాషింగ్టన్‌తో సమానంగా 91 ఉండి కూడా బయటే నిలబడ్డారు.

తెనాలి మాస్టారు:
ఓడినవాడికి ఒక పాయింటా! దానికి మన దగ్గర చక్కని మాట ఉంది, కొసరు. శేరు కొలిచాక దోసిట్లో పోసేది. మీవాళ్ళు కొసరు పద్నాలుగుసార్లు తెచ్చుకున్నారు, కొలత దగ్గర తగ్గారు.

కాల్గరీ కోడలు:
మాస్టారూ, ఇది తప్పకుండా వాడుకుంటాను. మీ పేరు వేస్తాను.

నిఘంటువు పురుగు:
కొసరు అడిగి తీసుకునేది కూడా. కొసరి వడ్డించడం అంటే మళ్ళీ వడ్డించేవాడి వైపు తిరుగుతుంది. వాడేముందు ఆలోచించండి.

పల్నాటి రైతుబిడ్డ:
మరి అంత కష్టపడి కూర్చున్న సెయింట్ లూయిస్ ఏం తిన్నారు?

కాల్గరీ కోడలు:
లీగ్‌లో అందరికన్నా ఎక్కువ పాయింట్లున్న విన్నిపెగ్ ఎదురొచ్చింది. ఏడో మ్యాచ్, అందులో రెండో ఓవర్‌టైమ్ దాకా లాగారు. ఆఖరి మ్యాచ్‌లో మూడు సెకన్లు కూడా లేవనగా విన్నిపెగ్ సమం చేసింది. నోటిదాకా వచ్చిన ముద్ద. మావాళ్ళ చోటు లాక్కున్నవాళ్ళే అయినా ఆ రాత్రి నాకు జాలేసింది. 2023లో ఫ్లోరిడా అలాగే చివరన కూర్చుని, 135 పాయింట్ల బోస్టన్‌ని 1-3 వెనకబడి కూడా ఓడించింది. ఏ ఏడు ఎవరి విస్తట్లో ఏముంటుందో.

సరే, ఇప్పుడే నాన్నకి మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి గుర్తొచ్చిందట. "మనవాడు వడ్డిస్తే పీట ఎక్కడేస్తేనేం" అన్నారు. బంతీ లేదు, కడా లేదు.

తెనాలి మాస్టారు:
పీట అన్నారా, పీటలు అన్నారా? ఏకవచనమైతే అది భోజనాల సామెత కాదు. కనుక్కుని చెప్పు.

గద్వాల గడుగ్గాయి:
"ఎక్కడేస్తేనేం". ఏ కడ వేస్తేనేం! నేను చెప్పలేదూ?