లోతు అనాలా, మట్టం అనాలా?

ప్రశ్న: జలాశయాల అడుగును సోనార్‌తో (ధ్వని తరంగాలు పంపి లోతు కొలిచే పరికరంతో) కొలిచి పటం గీసే పద్ధతిపై విద్యార్థుల కోసం ఒక పాఠం రాస్తున్నాను. నీరు పెరిగినా తగ్గినా కొలతలను అందుకు తగ్గట్టు మార్చే పనికి ‘లోతు సవరణ’ అని పేరు పెట్టాను. లోతును సరిగానే కొలిచినప్పుడు ఇక సవరించేది ఏమిటని ఒక మిత్రుడు ఆక్షేపించారు. తగిన మాట ఏదో సభ్యులు తెలియజేయగలరు.

జవాబు: మీ మిత్రుడి ఆక్షేపణ సబబేనండి. మోకాలి లోతు, మొలలోతు, పీకల్లోతు అనే మాటలను చూడండి. వీటన్నిటిలోనూ లోతంటే ఆ సమయానికి నీటి పైభాగం నుంచి నేల వరకు ఉన్న దూరమే కాబట్టి, రాత్రి వాన కురిస్తే మోకాలి లోతు తెల్లారేసరికి మొలలోతు అవుతుంది గానీ కింది నేల కదలదు. మట్టానికి మాత్రం స్థిరమైన ఆధారం ఒకటి ఉంటుంది. శ్రీశైలం పూర్తిస్థాయి నీటిమట్టం 885 అడుగులని పత్రికలో చదివి అక్కడ అంత లోతు నీరుందని పొరబడేవారు ఉన్నారు. అది సముద్రమట్టం నుంచి లెక్కించిన ఎత్తు. కొల్లేటి ప్రాంతంలో అందరి నోటా వినిపించే ‘ఐదో కాంటూరు’ (సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తున్న చోట్లను కలిపే గీత) కూడా అలాంటి ఎత్తే.

ఒక ఊహాలెక్క చెబుతాను. నాగార్జునసాగర్‌లో నీటిమట్టం 560 అడుగులున్న రోజున ఒకచోట 100 అడుగుల లోతు వచ్చిందనుకుందాం. మట్టం 545కు తగ్గాక అక్కడే కొలిస్తే 85 వస్తుంది. రెండు లోతులూ నిజమే, రెండింటి నుంచీ తేలే అడుగుమట్టం 460 ఒక్కటే. కనుక పటంలో నిలవవలసిన మాట ‘అడుగుమట్టం’, మీరు వర్ణిస్తున్న పని ‘లోతును మట్టానికి మార్చడం’. నిజమైన సవరణ వేరే ఉంది: సోనార్ పరికరం పడవ కింద మునిగి ఉంటుంది గనుక, ఆ మునుగును లోతుకు కలపాలి.

(మన భాషలో అడుగంటే కింది భాగమూ, కొలత కూడా కావడం ఈ పాఠం రాసేవారికి చిన్న చిక్కే.)

ప్రశ్న: ‘అడుగుమట్టం’ బాగుంది, స్వీకరిస్తున్నాను. అయితే ఆనకట్ట దగ్గర ఉదయం చూసిన నీటిమట్టాన్నే రోజంతటికీ వాడవచ్చునా?

జవాబు: వాడకూడదు. విద్యుదుత్పత్తికి నీరు వదిలితే సాయంత్రానికి మట్టం మారుతుంది కనుక, గంట గంటకూ నమోదు చేసి, ప్రతి కొలతకూ ఆ సమయపు మట్టాన్నే వాడాలి. వరద వచ్చే రోజుల్లో ఎగువ కొసన నీరు ఆనకట్ట దగ్గరకంటే ఎత్తుగా ఉంటుంది కాబట్టి అక్కడ మరొక కొలబద్ద నాటాలి. సాగర్ నిండినప్పుడు పై ఒక్క అడుగులోనే సుమారు 3 టీఎంసీలు ఉంటాయి. అడుగుమట్టాలన్నీ ఒక అడుగు తప్పితే, పాత పటంతో పోల్చి పూడికను లెక్కగట్టేటప్పుడు రాని పూడిక వచ్చినట్టో, వచ్చిన పూడిక రానట్టో లెక్క చూపుతుంది.