తరంగంలో పళ్ళెం కుడికే తిరిగిపోతోంది, ఎందుకు?

ప్రశ్న: కూచిపూడి తరంగం, అంటే పళ్ళెం మీద నిలబడి చేసే నృత్యాంశం, సాధన చేస్తున్నాను. ఇత్తడి పళ్ళెం అంచు మీద అరమండిలో (మోకాళ్ళు పక్కలకు వంచి సగం కూర్చున్న భంగిమలో) నిలబడటం వచ్చింది. కదపబోతే మాత్రం ముందుకు రాకుండా కుడికే తిరుగుతోంది. ‘బాలగోపాల మాముద్ధర’లో జతుల (తాళానికి పలుకుతూ ఆడే లయపదాల) దగ్గర తాళమూ తప్పుతోంది. లోపం పళ్ళెంలోనా, కాళ్ళలోనా?

జవాబు: ముందు పళ్ళేన్ని చదునైన గచ్చు మీద పెట్టి అంచు చుట్టూ వేలితో నొక్కి చూడండి. ఎక్కడైనా టకటకమని ఊగితే అడుగు సొట్టపోయినట్టే, దాన్ని మార్చేయండి. ఊగకపోతే లోపం బరువు మార్చడంలో ఉంది. పళ్ళేన్ని తోయకూడదండీ, నడిపించాలి. బరువు ఎడమ పాదం మీదికి రాగానే కుడి అంచు తేలికవుతుంది, సరిగ్గా అప్పుడే కుడి పాదంతో దాన్ని ముందుకు తిప్పాలి. మరుక్షణం బరువు కుడికి, ఎడమ అంచు ముందుకు. మీకు కుడి పాదం మీదే బరువు ఉండిపోతోంది. అందుకే ఎడమ అంచొక్కటే ముందుకొచ్చి పళ్ళెం కుడికి తిరుగుతోంది.

జవాబు: పై మాటకు తోడు, అరమండి చూసుకోండి. అలసట వచ్చేకొద్దీ మోకాళ్ళు తెలియకుండానే లేస్తాయి, వేళ్ళు అంచును వదిలేస్తాయి. తివాచీ మీద పళ్ళెం కదలదు, తడి గచ్చు మీద ఆగదు. పారాణి పూర్తిగా ఆరాకే ఎక్కండి.

ప్రశ్న అడిగినవారు: నొక్కి చూశాను, ఊగడం లేదు. బరువు గురించి మీరన్నది నిజమే. మరి తాళం? తల మీద చెంబు ఎప్పుడు పెట్టుకోవచ్చు?

జవాబు: జతిని ముందు నేల మీద చేత్తో తాళం వేస్తూ నోటితో చెప్పండి. ఆదితాళం చతురశ్ర నడకలో (దెబ్బకు నాలుగు అక్షరాలు) ఆవర్తనానికి, అంటే తాళం ఒక చుట్టుకి, 32 అక్షరాలు. సగం ఆవర్తనంలో, అంటే 16లో, ముక్తాయి (ముగింపు జతి) చేయాలంటే మొదటి అక్షరం వదిలి అయిదక్షరాల ‘తదిగిణతొం’ మూడుసార్లు. 1+15. తర్వాతి దెబ్బ సమం (ఆవర్తనం మొదలు) మీద పడాలి. ఆ వదలాల్సిన ఒక్క అక్షరాన్నే చాలామంది మింగేస్తారు, దాంతో సమానికి ముందే కాలు పడిపోతుంది. పళ్ళెం మీద ఇంకా తేడా వస్తుంది, ఎందుకంటే బరువు మార్చడానికీ కాస్త వ్యవధి కావాలి. మొదటి కాలంలో (నెమ్మది వేగంలో) స్థిరపడ్డాకే రెండో కాలం (దానికి రెట్టింపు వేగం).

చెంబు మాటకొస్తే, చూపు ఎదురుగా ఒకేచోట నిలిచి, పళ్ళెం నడుస్తున్నా తల ఎగిరిపడకుండా ఉన్నప్పుడే. మొదట ఖాళీ చెంబు, తర్వాతే నీళ్ళు. ఇంకొకటి, ఈ పాట రాసిన నారాయణ తీర్థుల సాహిత్యానికి అభినయం గబగబా ముగించి పళ్ళెం ఎక్కేయకండి. కృష్ణుడి బాల్యం కళ్ళల్లో కనిపించకపోతే అది తరంగం కాదు.